బంకమట్టి మీద షాఫ్టు

ఒక ఇనప కడ్డీ గిర్రున తిరుగుతూ ఉండాలి, కానీ ఉన్నచోటు నుంచి కదలకూడదు. దాన్నెలా పట్టుకోవాలి?

ఫ్రెషర్లని ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలా ఉంది కదూ. ఎవర్నడిగినా ముందు చెప్పే జవాబు "గట్టిగా బిగించాలి" అనే. మెకానికల్ చదివి, క్యాంపస్‌లో సాఫ్టువేరు ఆఫరొచ్చిందని ఇటొచ్చేసిన మిత్రులు కూడా చాలామంది అదే చెప్తారు (నేను అడిగి చూశాను). నూట పాతికేళ్ళ క్రితం దాకా యంత్రాలు కట్టేవాళ్ళు కూడా దాదాపు అలానే అనుకున్నారు. ఆ జవాబు చాలదని ఘంటాపథంగా తేల్చింది ఏ విశ్వవిద్యాలయమో కాదు. స్వీడన్‌లోని ఒక బట్టల మిల్లు, ఆ మిల్లు పునాదుల కింద ఉన్న బంకమట్టి.

ముందు ఒక చిన్న తేడా చెప్పుకోవాలి. మన ఎడ్లబండికి ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు తిరగదు, దాని మీద చక్రం తిరుగుతుంది. రెండింటి మధ్యా కందెన వేస్తాం. మిల్లులో సంగతి వేరు. అక్కడ ఇరుసే తిరుగుతుంది, దాని మీద బిగించిన చక్రాలన్నీ దానితో పాటే తిరుగుతాయి. దాన్నే షాఫ్టు అంటాం. షాఫ్టుని మోస్తూ, దాన్ని తిరగనిస్తూ, పక్కకి పోనివ్వకుండా పట్టుకునేది బేరింగు. పాత బేరింగులు మెకానిక్ షెడ్డులో అడుక్కుని చెక్కకి బిగించి బండి చేసుకున్న తరానికి బేరింగంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో గాడిలో గోళీలు, గోళీలు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఒక పంజరం.

బేరింగుల చరిత్ర ఎక్కడ చదివినా లియొనార్డో డావిన్సీతో మొదలెడతారు. నాకిది విసుగు. ఆయన బొమ్మలేసిన మాట నిజమే. మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయంలో మరుగునపడి 1960ల్లో బయటపడ్డ ఆయన నోటుపుస్తకాల్లో గోళీల బేరింగు బొమ్మలున్నాయి. ఐతే అన్నేళ్ళు ఎవరూ చూడని బొమ్మ వల్ల ఏ మిల్లూ తిరగలేదు. 1794లో వేల్స్‌లోని కార్మార్తెన్ ఊరి ఇనప వ్యాపారి ఫిలిప్ వాన్ బండి ఇరుసుకి గోళీలు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. గోళీలు పెట్టాలన్న ఆలోచన రావడం కష్టం కాదన్నమాట. గోళీలన్నీ ఒకే సైజులో, నిజంగా గుండ్రంగా, గట్టిగా చెయ్యడమే కష్టం. పది గోళీల్లో ఒకటి వెంట్రుకవాసి పెద్దదైనా బరువంతా దాని మీదే పడుతుంది. అది పగులుతుంది, ఆ ముక్కలు మిగతావాటిని నాశనం చేస్తాయి.

ఆ కష్టాన్ని తీర్చింది సైకిలు. 1869లో ప్యారిస్‌లో జూల్ సురిరే సైకిలు చక్రాలకి గోళీల బేరింగులు పెట్టాడు. ఆ ఏడాది నవంబర్లో జరిగిన ప్యారిస్-రువా పందెం గెలిచిన జేమ్స్ మూర్ అలాంటి సైకిలే తొక్కాడని చెప్తారు. అక్కణ్ణుంచి గోళీలకి గిరాకీ పెరిగింది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ అనే ఊళ్ళో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలని ఒకే సైజులో గుండ్రంగా సానపట్టే యంత్రం చేశాడు. ఒక చిన్న ఊరు ప్రపంచానికి గోళీల ఊరైపోయింది. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సైకిలు మోసేది ఒక మనిషి బరువే. మిల్లు షాఫ్టు అలా కాదు. దాన్ని మొయ్యాలంటే ఎంత గోళీ, ఎన్ని గోళీలు అన్న లెక్క కావాలి. ఆ లెక్క బెర్లిన్ దగ్గర నోయ్‌బాబెల్స్‌బెర్గ్‌లో ప్రయోగాలు చేసి రిషార్డ్ ష్ట్రిబెక్ 1901 ప్రాంతంలో తేల్చాడు. ఆయన చెప్పిన వాటిల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. బేరింగులో పది గోళీలుండి, వెయ్యి కిలోల బరువు పడితే ఒక్కోటీ వంద కిలోలు మోస్తుందనుకుంటాం కదా. కాదు. బరువు పడే వైపున్న గోళీలే మోస్తాయి, పైనున్నవి ఊరికే తిరుగుతుంటాయి. అన్నిటికన్నా కిందనున్న గోళీ సగటుకి సుమారు అయిదు రెట్లు మోస్తుంది, అంటే 500 కిలోలు. టీమ్‌లో పదిమందుంటే పని ఎలా పంచబడుతుందో తెలిసినవాళ్ళకి ఇదేం వింత కాదు లెండి :)

ఇక మిల్లులోకి వద్దాం. ఇప్పుడు ఒక్కో మెషీనుకీ ఒక్కో మోటారుంటుంది. అప్పుడు అలా కాదు. మిల్లు మొత్తానికి ఒకటే ఆవిరి యంత్రం. దాన్నుంచి తాళ్ళతోనో బెల్టులతోనో శక్తి తీసుకుని, కప్పు కింద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పొడుగాటి షాఫ్టులు తిప్పేవాళ్ళు. వాటి మీద చక్రాలు, ఒక్కో చక్రం నుంచి కింద ఒక్కో మగ్గానికో కదురు మెషీనుకో తోలు బెల్టు. వీటిని లైన్ షాఫ్టులనేవాళ్ళు. మన పాత రైసు మిల్లులు చూసినవాళ్ళకి ఇది ఊహించుకోవడం సులువు. ఒకే ఇంజను, ఒక పొడుగు షాఫ్టు, హల్లరుకి ఒక బెల్టు, జల్లెడకి ఒక బెల్టు. కాకపోతే బట్టల మిల్లులో అలాంటివి అంతస్తుకి ఎన్నో ఉండేవి. ప్రతి రెండు మూడు మీటర్లకీ ఒక హ్యాంగరు, అంటే షాఫ్టుని కప్పు నుంచి వేలాడదీసి పట్టుకునే ఇనప చెయ్యి. ప్రతి హ్యాంగర్లో ఒక బేరింగు.

ఆ బేరింగుల్లో గోళీలుండేవి కావు. మెత్తటి లోహపు గిన్నెలో నూనె పోసి షాఫ్టుని తిప్పేవాళ్ళు, అంతే. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ పేటెంటు తీసుకున్న తగరం మిశ్రమం దీనికి బాగా పేరుపడింది. మనవాళ్ళు వైట్ మెటల్ అంటారు. దీన్ని వేసే పద్ధతిలోనే అసలు తెలివుంది. షాఫ్టుని దాని చోట పెట్టి, చుట్టూ కరిగిన లోహం పోసేవాళ్ళు. గట్టిపడ్డాక బేరింగు ఆ షాఫ్టుకి, ఆ వాలుకి, ఆ చోటుకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. బేరింగుకి షాఫ్టుని సర్దడం కాదు, షాఫ్టుకే బేరింగుని పోతపొయ్యడం. పోసిన రోజున ఇంతకన్నా మంచి అలైన్మెంటు ఎవరూ తేలేరు.

చిక్కంతా ఆ తర్వాతి రోజు నుంచే. గోడ ఒరుగుతుంది, దూలం వంగుతుంది, నేల కుంగుతుంది. షాఫ్టు ఒక వాలులో, గిన్నె ఇంకో వాలులో పడతాయి. గిన్నె ఒక అంచు మీదే బరువు పడి వేడెక్కుతుంది, లోహం కరుగుతుంది, మళ్ళీ పోతపొయ్యాలి. అమెరికాలో ఫిలడెల్ఫియాకి చెందిన బాంక్రాఫ్ట్, సెల్లర్స్ 19వ శతాబ్దం మధ్యలోనే దీనికి ఒక మందు కనిపెట్టారు. బేరింగు పెట్టెని బయటివైపు బంతిలా గుండ్రం చేసి, హ్యాంగర్లో దానికి సరిపడే గుంటలో కూర్చోబెట్టారు. మన భుజం కీలులాగా. షాఫ్టు వాలితే బేరింగు పెట్టె కూడా దాంతోపాటే వాలుతుంది. ఇది మామూలు ఆలోచన కాదు, కానీ బంతీ గుంటా రెండూ బరువు మీద ఒరుసుకుంటాయి గనక అది అటూ ఇటూ ఆడేది తక్కువ. ఒకసారి సర్దుకుంటుంది, తర్వాత దాదాపు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు గోథెన్‌బర్గ్. స్వీడన్ పడమటి తీరంలో నది ఒడ్డున, బంకమట్టి మీద కట్టిన ఊరిది. ఆ మట్టి కొన్నిచోట్ల పదుల మీటర్ల లోతుంటుంది. నల్లరేగడిలో ఇల్లు కట్టి ఏటేటా గోడల పగుళ్ళు పూడ్చుకునేవాళ్ళకి ఆ బాధ కొంత తెలుసు. గోథెన్‌బర్గ్‌లో గామ్లెస్టాడెన్ అనే పేటలో ఒక బట్టల మిల్లుండేది. భవనం మెల్లగా ఎగుడుదిగుడుగా కుంగుతుంటే పైన లైన్ షాఫ్టులు వంకర్లు పోయేవి. బేరింగు పోతే ఆ షాఫ్టు ఆగిపోతుంది. షాఫ్టు ఆగితే దాని కిందున్న మెషీన్లన్నీ ఆగుతాయి. సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటే ఏమిటో ఆ మిల్లులో పనిచేసే కూలికి కూడా తెలుసన్నమాట, పేరు తెలియకపోవచ్చు.

ఆ మిల్లులో యంత్రాలు నడిచేలా చూసే బాధ్యత స్వెన్ వింగ్‌క్విస్ట్ అనే ఇంజనీరుది. 1876లో పుట్టాడు. కొత్తవి కనిపెట్టే ఉద్యోగం కాదతనిది, ఉన్నవి ఆగకుండా చూసుకునే ఉద్యోగం. జర్మనీ నుంచి గోళీల బేరింగులు తెప్పించి పెట్టి చూశాడు. అవి రావడానికి చాలా రోజులు పట్టేది. వచ్చి బిగించాక, ఒరుసుకోవడం తగ్గింది గానీ అవీ తొందరగా పోయేవి. 

ఎందుకు పోయేవో ఒక చిన్న లెక్క వేసి చూశాను. రెండు హ్యాంగర్ల మధ్య దూరం రెండున్నర మీటర్లనుకుందాం. ఒకటి 5 మిల్లీమీటర్లు కుంగింది. షాఫ్టు వాలిన కోణం డిగ్రీలో తొమ్మిదో వంతు, సుమారు 7 నిమిషాలు. కంటికి కనపడదు. కానీ లోతు గాడి ఉన్న మామూలు గోళీల బేరింగు రకాన్ని బట్టి భరించగలిగే వాలు 2 నుంచి 10 నిమిషాలు మాత్రమే. దాని గాడి గోళీని దగ్గరగా హత్తుకుని ఉంటుంది, అందుకే ఎక్కువ బరువు మొయ్యగలదు, అందుకే వాలుని ఒప్పుకోదు. వాలితే గోళీలు గాడి అంచులెక్కి పరుగెడతాయి, పంజరం మెలిపడుతుంది. వైట్ మెటల్ గిన్నె అరిగి సర్దుకునేది. గట్టి ఉక్కు అరగదు, పెచ్చులూడుతుంది. అంటే మెరుగైన వస్తువు తెచ్చి పెడితే పాత తప్పు ఇంకా ఘోరంగా బయటపడింది. డేటాబేసు కట్టుదిట్టం చేశాక పాత డేటాలో ఉన్న చెత్తంతా ఎర్రర్లై పైకి తేలినట్టు.

ఇక్కడ కాస్త ఆగి, "గట్టిగా బిగించడం" ఎందుకు తప్పో చూద్దాం. ఏ వస్తువైనా ఆరు రకాలుగా కదలగలదు. మూడు దిక్కుల్లో జరగడం, మూడు దిక్కుల్లో తిరగడం. మనం షాఫ్టుకి ఒక్క తిరగడం వదిలి మిగతా అయిదూ ఆపాలి. అయిదే, ఆరోది ఆపితే షాఫ్టు తిరగదు, ఆపినదాన్నే రెండుసార్లు ఆపితే తగాదా వస్తుంది. ఒక బేరింగు షాఫ్టుని ఏ దిక్కూ జరగనివ్వకుండా ఒక బిందువు దగ్గర పట్టుకుందనుకోండి, కానీ వాలనిస్తుంది. మూడు ఆగాయి. రెండో చివర రెండో బేరింగు పైకీ కిందకీ, పక్కలకీ పోనివ్వదు, కానీ పొడుగునా జారనిస్తుంది. ఇంకో రెండు. మొత్తం అయిదు, లెక్క సరిపోయింది. రెండు బిందువులు పట్టుకుంటే ఒక గీత ఖాయమవుతుంది, అంతకన్నా కావలసిందేముంది? అలా కాకుండా ఒక్కో బేరింగూ షాఫ్టు వాలుని కూడా తనే నిర్ణయిస్తానంటే, ఒకే ప్రశ్నకి ఇద్దరు రెండు జవాబులు చెప్పినట్టు. ఆ తేడాని భరించేది షాఫ్టు వంగడం ద్వారానో, గోళీ నలగడం ద్వారానో. మిల్లులో ఐతే ఇద్దరు కూడా కాదు, పది పదిహేను హ్యాంగర్లు. నేల కుంగాక అవన్నీ ఒకే గీత మీద ఉండే ప్రసక్తే లేదు. షాఫ్టు వంగి తీరాలి. కనీసం ప్రతి బేరింగూ ఆ వంపుకి తలొగ్గితే బతికిపోతాయి.

వింగ్‌క్విస్ట్ చేసింది సరిగ్గా అదే. 1906లో ఒంటి వరస గోళీలతో మొదలెట్టాడు, అది చాల్లేదు. 1907లో రెండు వరసల బేరింగు తయారుచేశాడు. లోపలి రింగు మీద రెండు గాడులు, రెండు వరసల గోళీలు. బయటి రింగులో మాత్రం గాడే లేదు. దాని లోపలి ముఖమంతా ఒక పెద్ద గోళంలో ముక్క. ఆ గోళం కేంద్రం సరిగ్గా షాఫ్టు మధ్యలో, బేరింగు నడుమ పడుతుంది. షాఫ్టు వాలితే లోపలి రింగు, గోళీలు, పంజరం అన్నీ కలిసి ఆ గోళం లోపల వాలిపోతాయి. ఎంత వాలినా గోళీలకి కనపడే ఉపరితలం ఒకటే, ఎందుకంటే గోళం ఎటు తిప్పినా గోళమే. ఫిలడెల్ఫియా వాళ్ళ బంతీ గుంటా బయట ఉండేది, ఒరుసుకుంటూ వాలేది. ఇతను దాన్ని బేరింగు లోపలికి తీసుకెళ్ళి గోళీల మీద దొర్లించాడు. అంచేత ఇది షాఫ్టు తిరుగుతుండగానే, ప్రతి చుట్టులోనూ, ఏ ప్రయాసా లేకుండా సర్దుకుంటుంది. రెండు మూడు డిగ్రీల వాలు దీనికి లెక్కలోది కాదు. పైన వేసిన 7 నిమిషాల లెక్క ముందు రెండు డిగ్రీలంటే పదిహేడు రెట్లు.

ఉచితంగా ఏదీ రాదు మరి. బయటి రింగులో గాడి లేదు గనక గోళీ అక్కడ చాలా చిన్నచోటే ఆనుతుంది. అదే సైజు లోతు గాడి బేరింగుతో పోలిస్తే మోసే బరువు తక్కువ. ఈ లోటు తీర్చడానికి అర్విడ్ పామ్‌గ్రెన్ అనే ఇంజనీరు 1919లో గోళీల బదులు పీపా ఆకారపు రోలర్లు పెట్టి ఇంకో బేరింగు చేశాడు. ఆ తర్వాత బరువైన యంత్రాల్లో అదే రాజ్యమేలింది.

1907 ఫిబ్రవరి 16న స్వెన్‌స్కా కుల్లాగెర్‌ఫాబ్రికెన్ మొదలైంది. పేరుకి అర్థం "స్వీడిష్ గోళీల బేరింగు ఫ్యాక్టరీ", అంతకుమించి కవిత్వం లేదు. పొట్టిగా ఎస్‌కేఎఫ్. డబ్బు పెట్టింది ఆ బట్టల మిల్లు యజమానులే. అప్పటికి వింగ్‌క్విస్ట్ వయసు 30. ఈ కంపెనీ బేరింగుల కోసమని రిజిస్టరు చేయించుకున్న ఇంకో పేరు వోల్వో, లాటిన్లో "దొర్లుతాను" అని అర్థం. ఆ పేరుతో 1927లో కార్లు రావడం తర్వాతి సంగతి.

ఇందులో నన్ను పట్టుకున్నది ఒకటే. ష్ట్రిబెక్ ప్రయోగాలు వింగ్‌క్విస్ట్ చదివాడు, లెక్కలు అక్కడివే. కానీ బెర్లిన్ ప్రయోగశాలలో షాఫ్టులు తిన్నగా ఉండేవి, గట్టి పునాది మీద ఉండేవి. వాలు అనే సమస్య అక్కడ పుట్టే అవకాశమే లేదు. అది కుంగే భవనంలో, రోజూ తిట్లు తినే మెయింటెనెన్సు వాడి టేబుల్ మీదికే వస్తుంది. డెవలప్‌మెంటు ప్రాజెక్టు దొరకలేదు, సపోర్టులో పడేశారని మనవాళ్ళు పడే ఏడుపు నాకు తెలుసు. ప్రొడక్షన్ ఎలా కుంగుతుందో కళ్ళారా చూసే చోటు మాత్రం అదొక్కటే.

తమాషా ఏమిటంటే, దేనికోసం ఆ బేరింగు పుట్టిందో ఆ లైన్ షాఫ్టులు ఎన్నాళ్ళో నిలవలేదు. కరెంటు మోటార్లు చవకయ్యాక ఒక్కో మెషీనుకీ సొంత మోటారొచ్చింది, కప్పు కింద షాఫ్టులూ బెల్టులూ పోయాయి. బేరింగు మాత్రం కారులోకి, పంపులోకి, విమానంలోకి పాకింది. ఎంతగా అంటే, రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి బేరింగులు ఆపితే శత్రువు యంత్రాలన్నీ ఆగుతాయని సైన్యాలు నమ్మేంత. 1929లో ఎస్‌కేఎఫ్ జర్మనీలోని పలు బేరింగు కంపెనీలని కలిపేసి వీకేఎఫ్ అనే సంస్థ పెట్టింది, దాని ప్రధాన కేంద్రం ష్వైన్‌ఫుర్ట్. 1943 ఆగస్టు 17న అమెరికన్ బాంబర్లు ష్వైన్‌ఫుర్ట్, రేగెన్స్‌బుర్గ్ ఊళ్ళ మీదికెళ్ళాయి. వెళ్ళిన 376లో 60 తిరిగి రాలేదు. అక్టోబర్ 14న ఒక్క ష్వైన్‌ఫుర్ట్‌కే 291 బయల్దేరాయి, మళ్ళీ 60 పోయాయి. ఒక్కో విమానంలో పదిమంది. జర్మన్లు ఫ్యాక్టరీలని చెల్లాచెదరు చేసి, వీలున్నచోట గోళీల బదులు పాత పద్ధతి గిన్నె బేరింగులు వాడి నెట్టుకొచ్చారు. స్వీడన్ మాత్రం రెండు పక్షాలకీ అమ్మింది. 1941 జనవరిలో జార్జ్ బినీ అనే బ్రిటిషాయన అయిదు నార్వే ఓడల్లో స్వీడన్ నుంచి బేరింగులూ ఉక్కూ జర్మన్ల కళ్ళుగప్పి బ్రిటన్ చేర్చాడు. తర్వాత స్టాక్‌హోమ్ నుంచి మస్కిటో విమానాల్లో రాత్రిపూట బేరింగులు మోసేవాళ్ళు. 1943 అక్టోబర్లో నీల్స్ బోర్‌ని తప్పించింది కూడా ఒక మస్కిటోలోనే, బాంబులు పెట్టే చోట పడుకోబెట్టి!

యుద్ధమయ్యాక 1947లో పామ్‌గ్రెన్, గుస్టాఫ్ లుండ్‌బెర్గ్ కలిసి బేరింగు ఆయుష్షుకి పూర్తి సూత్రం ఇచ్చారు. ఒకేలాంటి బేరింగులు వంద తిప్పితే అన్నీ ఒకసారి పోవు, వాటి ఆయుష్షుల మధ్య బోల్డంత తేడా ఉంటుంది. అందుకని వంద తిరిగితే తొంభై ఎన్నాళ్ళు బతుకుతాయో, దాన్నే ఆయుష్షుగా రాస్తారు. మన రెస్పాన్సు టైము లెక్కల్లో 90వ పర్సెంటైల్ ఎలాగో ఇదీ అలాగే. గోళీల బేరింగుకి ఆ ఆయుష్షు బరువు ఘనానికి విలోమంగా ఉంటుంది. బరువు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతు. వాలు వల్ల, తప్పు బిగింపు వల్ల గోళీల మీద పడే బరువుని ఎవరూ కొలవరు, కానీ అది కూడా ఈ ఘనంలోకే పోతుంది.

ఇప్పుడు ఫ్లాంజి బేరింగు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో బేరింగుల కొట్టుకెళ్ళి "యూసీఎఫ్ 205" అంటే పోత ఇనప బిళ్ళ ఒకటి చేతిలో పెడతారు. నాలుగు మూలలా నాలుగు బోల్టు బెజ్జాలు, నడుమ బేరింగు. రెండే బెజ్జాలతో కోలగా ఉండేది యూసీఎఫ్‌ఎల్. చివరి 05ని అయిదుతో గుణిస్తే 25, అది షాఫ్టు మందం మిల్లీమీటర్లలో. షాఫ్టు బల్లకి సమాంతరంగా పోతుంటే కింద పాదం ఉన్న ప్లమ్మర్ బ్లాక్ వాడతాం. షాఫ్టు గోడలోంచి దూసుకుపోతున్నట్టు అడ్డంగా వస్తే, ఆ గోడకి బిగించేది ఫ్లాంజి. కన్వేయర్లు, జల్లెడలు, నూర్పిడి యంత్రాలు, ఎక్కడ చూసినా ఇవే.

దాని లోపలున్నది లోతు గాడి బేరింగే, వాలుని ఒప్పుకోని రకమే. కానీ దాని బయటి రింగు వెలుపలి ముఖం గోళంలా గుండ్రంగా ఉండి, పోత ఇనుములో అలాంటి గుంటలోనే కూర్చుంటుంది. అంటే మళ్ళీ ఫిలడెల్ఫియా భుజం కీలే! పాత ఆలోచన, లోపల కొత్త గోళీలు. అందుకే బిగించే వరస ముఖ్యం. ఫ్లాంజి బోల్టులు ముందు వదులుగా పెట్టి, షాఫ్టు రెండు బేరింగుల్లోంచీ దూర్చి, చేత్తో తిప్పి చూడాలి. తిప్పుతుంటే లోపలి బేరింగులు షాఫ్టు వాలుకి సర్దుకుంటాయి. అప్పుడు ఫ్లాంజి బోల్టులు బిగించాలి. బేరింగుకి షాఫ్టుని కట్టే గ్రబ్ స్క్రూలు అన్నిటికన్నా చివర. ముందే గ్రబ్ స్క్రూలు బిగించేసి తర్వాత ఫ్లాంజిని గోడకి లాగి బిగిస్తే బేరింగులు పొడుగునా ఒకదాన్నొకటి గుంజుకుంటాయి.

గ్రబ్ స్క్రూలు రెండు చివర్లా బిగించాలా అన్నది అసలు ప్రశ్న. రెండు మీటర్ల ఉక్కు షాఫ్టు, చుట్టూ ఉన్న చట్రం కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. సాగనివ్వకుండా నిజంగా కట్టేస్తే 25 మి.మీ. షాఫ్టు తోసే బలం లెక్కేస్తే సుమారు 4.8 టన్నులొస్తుంది. (షాఫ్టు పొడుగుతో దీనికి సంబంధం లేదు, మందమూ వేడీ చాలు.) 205 బేరింగుకి కాటలాగులో రాసే రేటింగు టన్నున్నర లోపే. చట్రం కొంచెం వంగి ఆదుకుంటుంది కాబట్టి అంత బలం పడదు, కానీ ఎంత పడినా ఘనంలోకి పోతుంది. వేడెక్కే షాఫ్టుకి ఒక చివరే పూర్తిగా కట్టాలి. రెండో చివర షాఫ్టు మీద పొడుగాటి గాడి తీయించి, గ్రబ్ స్క్రూ మొనని అందులో ఆడనిస్తే షాఫ్టు జారుతుంది, బేరింగు లోపలి రింగు మాత్రం షాఫ్టుతో పాటే తిరుగుతుంది. మూడు ప్లస్ రెండు, అయిదు. పైన చెప్పుకున్న లెక్కే.

ఒకే దిక్కు తిరిగే షాఫ్టులకి గ్రబ్ స్క్రూల బదులు కేంద్రం తప్పిన గాడి ఉన్న కాలరొకటి దొరుకుతుంది. షాఫ్టు తిరిగే దిక్కులోనే దాన్ని తిప్పి సుత్తితో చిన్న దెబ్బ కొడితే బిగుసుకుంటుంది. ముందుకీ వెనక్కీ తిరిగే షాఫ్టుకి పెడితే వెనక్కి తిరిగినప్పుడు ఊడివస్తుంది.

ఫ్లాంజి బేరింగు సర్దుబాటు బిగించే రోజు కోసమే. ఆ రోజు కొన్ని డిగ్రీల తేడా వరకూ మింగుతుంది, బోల్టులు బిగించాక అది గట్టి బేరింగే. పని చేస్తూండగా చట్రం ఊగేచోట, షాఫ్టు వంగేచోట, పలచటి రేకుకి బిగించినచోట అది తొందరగా పోతుంది. కొట్టువాడు మళ్ళీ అదే అమ్ముతాడు, కొన్నాళ్ళకి మళ్ళీ పోతుంది. అలాంటి చోటికి కావలసింది పక్క అరలో ఉంటుంది, 1205 అని అడగాలి. లోపల అదే 25 మి.మీ., రెండు వరసల గోళీలు, బయటి రింగులో గాడి ఉండదు. కొనేముందు లోపలి రింగుని వేలితో అటూ ఇటూ వాల్చి చూడండి.